టిక్కీ ఎత్తు పిల్ల

ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను చేసిన పని ఏమిటంటే, పిల్లల్ని గోడకి ఆనించి నిలబెట్టి కొలవడం. చెప్పులు విప్పించి, జడ అడ్డం రాకుండా పక్కకి తీయించి, మడమలు గోడకి తగిలాయో లేదో చూసి, నెత్తి మీదికి చెక్క దించడం. గుంటూరులో ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రిలో పిల్లల డాక్టరుగా చేరి, ఎదుగుదల సమస్యలు చూసే ఒక ఇరుకు గదికి పెద్దదిక్కునై, అందులోంచే రిటైరయ్యాను. గుండె డాక్టర్లకి, మెదడు డాక్టర్లకి ఊపిరి బిగబట్టి వినే కథలుంటాయి. మా కథలు మూడు నెలలకోసారి సెంటీమీటరు చొప్పున నడుస్తాయి. ఈ చదువులోకి కొత్తగా వస్తున్న పిల్లలకి ఆ మాత్రం ఓపిక ఉంటుందనే నమ్మకంతో రాస్తున్నాను.

మా గదికి వచ్చేవాళ్ళలో సగం మందికి జబ్బే ఉండేది కాదు. అమ్మా నాన్నా పొట్టి, అందుకని పిల్లా పొట్టి. ఆ మాట చెబితే మొగుడూ పెళ్ళాం ఒకరినొకరు కొరకొరా చూసుకుని, మా ఎదుటే తగువు పడి వెళ్ళేవాళ్ళు. కొందరికి కడుపు నిండా తిండి ఉండేది కాదు. కొందరికి థైరాయిడ్ తక్కువ. పొద్దున్నే పరగడుపున ఒక చిన్న మాత్రతో తేరుకునేవాళ్ళు. కొందరు ఆడపిల్లలకి పుట్టుకతోనే ఒక క్రోమోజోము లోపం. ఇంకొందరిది తలకిందుల వ్యవహారం. ఏడేళ్ళకే పెద్దమనిషి లక్షణాలు వచ్చి, క్లాసులో అందరికంటే పొడుగ్గా సాగి, కన్నవాళ్ళు మురిసిపోతుండగానే ఎదుగుదల ఆగిపోయేది. పొడుగ్గా ఉన్న పిల్లని తీసుకొచ్చి ఎవరూ భయపడరు కాబట్టి వాళ్ళు మా దగ్గరికి ఆలస్యంగా వచ్చేవాళ్ళు.

మనిషి పెరిగేది ఎముకల చివర్లలో. అక్కడ మెత్తటి పొర ఒకటి ఉంటుంది. మెదడు కింద బఠాణీ గింజంత పీయూష గ్రంథి, ముఖ్యంగా పిల్లలు గాఢనిద్రలో ఉన్నప్పుడు, గ్రోత్ హార్మోన్ వదులుతుంది. అది వెళ్ళి కాలేయానికి చెబుతుంది, కాలేయం ఇంకో హార్మోన్ ద్వారా ఎముకకి చెబుతుంది, థైరాయిడ్ పక్కనుండి ఒక చెయ్యి వేస్తుంది. వయసు వచ్చాక ఆడ, మగ హార్మోన్లు దిగి మొదట మనిషిని ఒక్కసారిగా సాగదీసి, ఆ తర్వాత ఆ మెత్తటి పొరని గట్టి ఎముకగా మార్చేసి తలుపు మూసేస్తాయి. ఒకసారి మూసుకున్నాక ఏ మందుకీ తెరుచుకోదు. ప్రభుత్వాఫీసు కంటే పద్ధతిగా నడిచే ఏర్పాటు ఇది. ఒక్క బల్ల దగ్గర సంతకం ఆగితే మొత్తం ఆగిపోవడంలో మాత్రం రెండూ ఒకటే.

ఆ పిల్ల మొదటిసారి వచ్చినప్పుడు ఆరో తరగతి చదువుతోంది. చూస్తే ఒకటో తరగతి కూడా ఎక్కువే అనిపించేది. ఉబ్బిన బుగ్గలు, బొమ్మలాంటి మొహం, సన్నటి గొంతు. తండ్రి చిలకలూరిపేట రోడ్డు మీద ఒక కోల్డ్ స్టోరేజీలో హమాలీ. మిరపకాయల బస్తాలు మోయడం ఆయన పని. తల్లి కాయలకి తొడిమలు తీసే పనికి పోయేది. గది బయట బెంచీ మీద తండ్రీ కూతుళ్ళు ఏదో వాదించుకుంటుంటే మా హెడ్ నర్సు వెళ్ళి గదమాయించింది.

“ఏందయ్యా గోల? ఇది ఆసుపత్రా, సంతా?”

“గోల నాది కాదమ్మా, దీనిది. బస్సులో కండక్టరు దీనికి టికెట్టు అక్కర్లేదన్నాడు. ఇదేమో, ఎందుక్కొట్టవు, నాకు ఐదేళ్ళు ఎప్పుడో దాటినయ్, అర టికెట్టు కొట్టమని గొడవ. బస్సంతా నవ్వారు.”

“నవ్వితే నవ్వారు. అర టికెట్టు నా హక్కు” అంది ఆ పిల్ల.

తూకం, కొలత అయ్యాక నేను రాసుకుంటుంటే తండ్రి చిన్నగా చెప్పాడు. “మావోళ్ళు దీన్ని టిక్కీ అంటారండీ. మిరపకాయల బస్తాని మేం టిక్కీ అంటాం. నిలబెడితే సరిగ్గా దీనంత ఉంటదండి.”

“దానికన్నా ఒక వేలు నేనే ఎక్కువ” అని సరిదిద్దింది. ఆ రోజునుంచి మా గదిలో కూడా ఆ పిల్ల టిక్కీయే అయింది. నేనూ అలాగే పిలిచాను.

థైరాయిడ్ బాగానే ఉంది. మూత్రపిండాలు బాగానే ఉన్నాయి. ఎడమ చేతికి ఎక్స్‌రే తీయించాం. మణికట్టు దగ్గర చిన్న ఎముకలు ఎన్ని ఏర్పడ్డాయో చూసి ఎముక వయసు చెప్పొచ్చు. పిల్ల వయసు పదకొండు దాటింది, ఎముక వయసు ఏడు దగ్గరే ఉంది. ఇది చెడ్డ వార్తలా కనిపించే మంచి వార్త. తలుపు మూసుకోవడానికి ఇంకా టైముందని అర్థం. తర్వాత, హార్మోన్‌ని ఉసిగొలిపే మాత్ర ఇచ్చి, కొంతసేపటికొకసారి రక్తం తీసి చూశాం. ఉసిగొలిపినా గ్రంథి కదల్లేదు. మెదడు స్కాన్‌లో గడ్డలేవీ లేవు. గ్రోత్ హార్మోన్ లేదు, అంతే. రోజూ పడుకునే ముందు తొడకి ఇంజెక్షన్, ఎముకలు మూసుకునేదాకా, అంటే ఏళ్ళ తరబడి.

ఆ మందు ఖరీదైనది. ప్రభుత్వ నిధితో కొద్దిమంది పిల్లలకే వచ్చేది. ఎవరికివ్వాలో, ఎవరికి ఆపాలో ఒక కమిటీ చూసేది. ఒకరికి ఆపితే వరసలో ఉన్న ఇంకొకరికి అందేది. కమిటీ వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. కానీ వాళ్ళు చూసేది గ్రాఫు కాగితం మీద గీతని. గీత పైకి పోతే మందు ఉంటుంది. అడ్డంగా పోతే ఉండదు.

ఇంకో చిక్కు. మందుని రెండు డిగ్రీలకీ ఎనిమిది డిగ్రీలకీ మధ్య ఉంచాలి. వాళ్ళింట్లో ఫ్రిజ్ లేదు. ఎలాగయ్యా అంటే తండ్రి తెల్లబోయి చూశాడు.

“మా ఇల్లు స్టోరేజీ వెనక గోడని ఆనుకునే ఉంది గదండీ. లక్ష టిక్కీలు దాచేవాళ్ళం, ఇంత డబ్బా దాచలేమా?”

మా హెడ్ నర్సు ఎవరి మాటా ఊరికే నమ్మే మనిషి కాదు. థర్మామీటరు సంచిలో వేసుకుని వెళ్ళి చూసొచ్చింది. చలి గదిలో తలుపు పక్కన చెక్క బల్ల, దాని మీద డబ్బా. ఉండాల్సిన చల్లదనం ఉంది. “మన వార్డు ఫ్రిజ్ కంటే నయంగా ఉంది డాక్టరమ్మా. కరెంటు పోతే వాళ్ళకి జనరేటరుంది, మనకి దేవుడున్నాడు” అంది. సూది ఎలా వేయాలో తల్లిదండ్రులిద్దరికీ నేర్పింది. చల్లగా ఉండగానే పొడిస్తే నొప్పి, కాసేపు అరచేతిలో పట్టుకుని వేయమని కూడా చెప్పింది.

మొదటి రెండు కొలతలూ చూసి నా అంతటి మొద్దు మనిషికి కూడా సంబరమేసింది. గీత నిటారుగా లేచింది. గౌను కురచైంది. బుగ్గల ఉబ్బు దిగి మొహం ఆ వయసు పిల్లదిలా కనిపించడం మొదలైంది. ఆదివారం ప్రార్థన అయ్యాక హమాలీలంతా కలిసి పిల్లని ఒక టిక్కీ పక్కన నిలబెట్టి చూసేవాళ్ళట. క్రిస్మస్ నాటకంలో ఏటా తనకి గొర్రెపిల్ల వేషం ఇచ్చేవాళ్ళనీ, ఈసారి గొర్రెల కాపరి వేషం అడిగి తీసుకున్నాననీ మా అందరికీ చెప్పింది.

మూడో కొలతకి గీత వాలింది. నాలుగో కొలతకి అడ్డంగా పడుకుంది.

నా దగ్గర పనిచేసే కుర్ర డాక్టరు తెలివైనవాడు. తెలివైనవాళ్ళకి త్వరగా అనుమానమొస్తుంది. “మేడం, మందు బయట అమ్ముకుంటున్నారు” అన్నాడు. అయితే ఖాళీ సీసాలన్నీ తెమ్మను అన్నాను. తండ్రి అన్నీ తెచ్చాడు, కడిగి మరీ తెచ్చాడు. కడిగాడు కాబట్టి మందు ఉందో లేదో తెలియదని మావాడు. తొడల మీద సూది గుర్తులు చూపించాను. నీళ్ళు ఎక్కిస్తున్నారేమోనని మావాడు. నేను ఆ తండ్రిని వెనకేసుకొచ్చానని చెప్పను. నాకు ఏ అభిప్రాయమూ లేదు. థైరాయిడ్ మళ్ళీ చూశాను. ఈ మందు మొదలెట్టాక కొందరికి అది తగ్గుతుంది. తగ్గలేదు. ఒంట్లో మందుకి విరుగుడు పదార్థాలు పుట్టాయేమోనని పరీక్షకి రక్తం పంపాను. లేవు. మందు దాచే చోటు గురించి మాలో ఎవరం ఆలోచించలేదు. అది మా నర్సు స్వయంగా చూసి బాగుందన్న చోటు.

ఆ నాలుగో కొలత రోజున పిల్ల చెక్క కింద నుంచి ఇవతలికొచ్చి, “ఎంత పెరిగాను?” అని అడగలేదు. ప్రతిసారీ అడిగేది. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. కమిటీ నుంచి మాట వచ్చింది. మందు పని చేస్తున్నట్టు లేదు, వచ్చే సమావేశంలో ఆపేద్దాం, ఒంగోలు వైపు పిల్లవాడొకడు వరసలో ఉన్నాడు అని.

సమావేశానికి నాలుగు రోజుల ముందు చిలకలూరిపేట అవతల ఒక వైద్య శిబిరం చూసుకుని నేనూ హెడ్ నర్సూ జీపులో తిరిగి వస్తున్నాం. చిలకలూరిపేట దాటాక కోల్డ్ స్టోరేజీల ముందు లారీలు బారులు తీరి ఉన్నాయి. కొత్త కాయ దిగే రోజులు. “ఒక్కసారి చూసి పోదాం డాక్టరమ్మా, దారిలోదేగా” అంది నర్సు. జీపు దిగగానే ఘాటుకి నాకు తుమ్ములు పట్టుకున్నాయి. ఎండ మండిపోతుంటే హమాలీలు స్వెట్టర్లు, మంకీ క్యాపులు వేసుకుని లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. లోపల చలి, బయట మంట. తండ్రి మమ్మల్ని చూసి వీపు మీది టిక్కీని దించేసి పరుగెత్తుకొచ్చాడు.

తలుపు పక్కన బల్ల ఖాళీగా ఉంది.

“డబ్బా ఏదయ్యా?” అంది నర్సు.

“అది ఇప్పుడిక్కడ లేదమ్మా. మంచి చోటికి మార్చాం” అన్నాడు ఆయన, సంతోషంగా.

స్టోరేజీలో మెషిన్లు చూసే ఒక పెద్దాయన ముందు నడిచాడు. తలపాగా చుట్టి ఉన్నాడు. ఎన్నో ఏళ్ళుగా ఆ కంప్రెసర్ల మధ్యే బతికినవాడు. ఇరుకు చెక్క మెట్లెక్కి పై అంతస్తుకి వెళ్ళాం. అక్కడ చలిని పుట్టించే గొట్టాలున్నాయి. వాటికి తెల్లగా మంచు పేరుకుని ఉంది. ఆ గొట్టాల మధ్య, గుడ్డలో చుట్టి, దారంతో కట్టి, డబ్బా.

“తలుపు కాడైతే తీసినప్పుడల్లా చలి పోద్ది గదమ్మా” అన్నాడు పెద్దాయన. “పిల్ల ఎదగటం మొదలెట్టింది. ఇంత మంచి మందుని తలుపు కాడ పెట్టుకోవటమేందిరా అని నేనే పైకి మార్పిచ్చా. కాయకి ఎంత చలి తగిల్తే అంత రంగు నిలుస్తది. మా ఓనరు గారి సరుక్కి కూడా ఈ చోటు ఇయ్యలా.”

నర్సు గుడ్డ విప్పింది. సీసా తీసి వెలుగుకి ఎత్తి పట్టుకుంది. లోపల మందు రాయిలా గడ్డకట్టి ఉంది.

“ఇట్లాగే పొడిచారా?” అంది. గొంతు తగ్గిపోయింది. ఆమె గొంతు తగ్గగా నేను వినడం అదే మొదటిసారి.

“లేదమ్మా. మా ఇంటిది కొంగులో పెట్టుకుని కరిగిచ్చేది. మీరు చెప్పారు గదా, చల్లగా పొడవద్దని. కరిగినాక తెల్లగా పలుకులు తేలేయి. మందు చిక్కబడిందనుకున్నాం.”

ఈ హార్మోన్ ఒక ప్రోటీన్. గడ్డకడితే విరిగిపోతుంది, మళ్ళీ కరిగినా అతుక్కోదు. వేడికి పాడవుతుందని ప్రతి తల్లికీ చెప్పేవాళ్ళం. గడ్డ కడితే పాడవుతుందని చెప్పాలని ఎవరికీ తట్టలేదు. ఇంట్లో ఫ్రిజ్ ఉన్నవాళ్ళు దాన్ని గుడ్ల పక్కన పెడతారు, అంతటితో సరి. పిల్ల ఎదిగిందన్న ఆనందంలో మందుకి పదోన్నతి ఇస్తారని ఏ పుస్తకంలోనూ లేదు. మందు పని చేసింది కాబట్టే పాడైపోయింది.

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. తండ్రి గొట్టాల వంక చూశాడు. “అయితే ఇన్ని నెలలూ బిడ్డకి నేను పొడిచింది ఉట్టి నీళ్ళేనా అమ్మా?”

అవునన్నాను. అంతకంటే మెత్తగా చెప్పే మార్గం అప్పుడు తోచలేదు, ఇప్పుడూ తోచడం లేదు. ఆయన మెట్ల మీద కూలబడి మంకీ క్యాపు మొహం మీదికి లాక్కున్నాడు. పెద్దాయన తలపాగా విప్పి చేతిలో పట్టుకుని, “తప్పు నాదేనమ్మా, ఆడి మీద రాయమాకండి” అని నాతో పదే పదే అన్నాడు.

ఒంటిపూట బడి కావడంతో పిల్ల అప్పటికే ఇంటికొచ్చి ఉంది. మేమొచ్చామని తెలిసి స్టోరేజీ వాకిట్లో నిలబడి ఉంది. నర్సు సంగతంతా చెప్పింది. పిల్ల శ్రద్ధగా విని ఒక్కటే అడిగింది.

“అయితే నేను గర్వపడ్డానని కాదా?”

“ఏం గర్వమే?”

“కాపరి వేషం ఇచ్చినప్పుడు మా క్లాసు పిల్లలతో గొప్పలు చెప్పా. ఇంక మీ అందరికన్నా పొడుగైపోతానని. ఆ తర్వాతే ఆగిపోయింది. దేవుడికి కోపమొచ్చిందనుకున్నా. రోజూ క్షమించమని ప్రార్థన చేసుకుంటన్నా.”

ఇన్ని పరీక్షలు చేశాం, రక్తం తీశాం, పిల్ల ఏమనుకుంటోందని మాత్రం ఎవరం అడగలేదు. మా నర్సు కూడా ప్రతి ఆదివారం చర్చికి పోయే మనిషే. పిల్ల రెక్క పట్టుకుని దగ్గరికి లాక్కుంది. “పిచ్చిదానా! దేవుడికి నీ పొడుగు కొలుచుకుంటా కూర్చోవటమే పనా? చలెక్కువై మందు చెడింది. నువ్వు చెయ్యాల్సిందంతా చేశావు. నీ ఒళ్ళు మంచిది. ఇంకో నాలుగు గొప్పలు చెప్పుకో పో!”

పిల్ల ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, మందు మళ్ళీ ఇస్తారా అని నన్నడిగింది. కమిటీ ఒప్పుకోవాలన్నాను.

కమిటీ పెద్ద ముందు నమ్మలేదు, తర్వాత కోప్పడ్డారు. “మిరపకాయల గోడౌన్లో హార్మోన్ దాచడమేంటండీ? రేపు చేపల మార్కెట్లో దాస్తారు. ఫ్రిజ్ లేని ఇంటికి ఇక మందు లేదు. ఆ ఒంగోలు పిల్లాడికి రాయండి” అన్నారు. ఆయన మాటలో తప్పు పట్టడానికి లేదు. నష్టపోయిన మందు నష్టపోయిందే. దానికోసం ఎదురుచూసే పిల్లవాడూ ఉన్నాడు.

అప్పుడు మా కుర్ర డాక్టరు లేచాడు. “సార్, వీళ్ళు అమ్ముకుంటున్నారని అన్నది నేనే. అందుకని ఒక్క మాట నన్నే అననివ్వండి. ఫ్రిజ్ ఉంటే చాలంటున్నారు కదా, మన వార్డు ఫ్రిజ్ చూసొద్దాం రండి.” అందరూ కదిలారు. తలుపు తీస్తే టీకాల డబ్బాల పక్కన గోంగూర పచ్చడి, పెరుగు గిన్నె, ఎవరిదో క్యారేజీ. లోపలి థర్మామీటరు పద్నాలుగు డిగ్రీలు చూపిస్తోంది. పొద్దున కరెంటు పోయింది మరి. క్యారేజీ హెడ్ నర్సుది. ఆమె ఆ కుర్రాణ్ణి ఆ తర్వాత చాలాకాలం క్షమించలేదు.

కమిటీ పెద్ద నవ్వాపుకుని, “ఇంకో రెండు కొలతల వరకూ ఇద్దాం. తలుపు పక్కనే పెట్టాలి. గీత లేవకపోతే నేను మళ్ళీ వినను” అన్నారు. ఒంగోలు పిల్లవాడికి మందు రావడానికి ఇంకొంత కాలం పట్టింది, వచ్చింది. అది కూడా చెప్పాలి, ఒకరికి న్యాయం చేసినప్పుడు ఇంకొకరు ఎక్కడో బెంచీ మీద కూర్చుని ఉంటారు.

డబ్బా మళ్ళీ తలుపు పక్క బల్ల మీదికి వచ్చింది. నర్సు ఒక థర్మామీటరు అక్కడే వేలాడదీసింది. కాపలా మెషిన్ల పెద్దాయనది. తలుపు అనవసరంగా తెరిచిన హమాలీని ఆయన బూతులు తిడతాడని పిల్ల చెప్పేది. అప్పటినుంచి మా గదికొచ్చే ప్రతి తల్లికీ గడ్డకట్టనివ్వద్దని రెండుసార్లు చెప్పి, మళ్ళీ వాళ్ళ నోటితో చెప్పించుకునేవాళ్ళం. మీరు కూడా చెప్పించుకోండి. తల ఊపితే అర్థమైందనుకోకండి.

తర్వాతి కొలత ఇంకా వారముందనగా తండ్రి నుంచి ఫోను. పొద్దున ఓపీ రద్దీలో ఉన్నాను.

“డాక్టరమ్మ గారూ, టిక్కీ వెనకాల నిలబెడితే దీని కళ్ళు కనపడతన్నయ్యండీ! తల కాదు, కళ్ళు!”

వెనకాల హమాలీల ఈలలు వినిపిస్తున్నాయి. నా వృత్తి నన్ను వదల్లేదు. “ఏ టిక్కీ? వదులుగా నింపిందా, కుక్కి కుట్టిందా?” అన్నాను.

“కుక్కి కుట్టిందేనమ్మా. నేనే మోసి నిలబెట్టా.”

ఫోను పిల్ల లాక్కుంది. ఏం టిక్కీ, సంతోషమేనా అన్నాను.

“మీరన్నా చెప్పండి మేడం వీళ్ళకి. నేనిప్పుడు టిక్కీ కన్నా పొడుగు గదా, ఇంక నన్ను అట్లా పిలవకూడదు. నాకు పేరుంది.”

నిజమే, ఉంది. ఏడాది దాటి ఆ పేరు కేసు షీటు మీద రాస్తూనే ఉన్నాను. ఈ రాతలో ఎవరి పేరూ పెట్టకూడదనుకున్నాను కాబట్టి ఇక్కడ రాయడం లేదు. ఆ రోజు ఫోన్లో మాత్రం ఆ పిల్లని ఆ పేరుతోనే పిలిచాను.